బ్రేకుల్లేని బండికి ప్రాణం పోయడం: బోర్డ్ ట్రాక్ రేసర్ రెప్లికా తయారీ, మొదటి నుంచి చివరిదాకా

1916లో హార్లీ-డేవిడ్‌సన్ తన ఎనిమిది వాల్వుల రేసింగ్ బండికి 1,500 డాలర్ల ధర పెట్టింది. అమ్ముకోవడానికి కాదు, బయటివాళ్లు కొనే ఆలోచనే చేయకుండా ఉండటానికి. కంపెనీ టీమ్ తొక్కాలి, గెలవాలి, అంతే. అలాంటి బండ్లు తయారైనవే తక్కువ. రేసుల్లో విరిగినవి పోగా మిగిలినవి మరీ తక్కువ. ఆ కాసిని మ్యూజియాల్లోనో పెద్ద కలెక్టర్ల షెడ్లలోనో ఉన్నాయి. వాటి చప్పుడు దగ్గర నుంచి వినాలంటే మనలాంటివాళ్లకు ఉన్న దారి కొత్తగా తయారుచేసుకోవడమే.

ఇక్కడ చెప్పేది 1910 నుంచి 1920ల దాకా అమెరికాలో చెక్క ట్రాకుల మీద పరిగెత్తిన వి-ట్విన్ (V ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజిన్) బండ్ల గురించి. లాస్ ఏంజిలిస్ దగ్గర ప్లాయా డెల్ రేలో 1910లో జాక్ ప్రిన్స్ కట్టిన మైలు పొడవు గుండ్రటి ట్రాకుతో ఈ ఆట ఊపందుకుంది. 1921లో ఫ్రెస్నోలో ఆటో వాకర్ గంటకు 100 మైళ్లకు పైగా సగటు వేగంతో రేసు గెలిచే స్థాయికి చేరింది. ఆ బండ్లకు గేర్‌బాక్స్ లేదు, క్లచ్ లేదు, బ్రేకులు లేవు. చాలావాటిలో కార్బ్యురేటర్ పూర్తిగా తెరిచే ఉండేది, వేగం తగ్గించాలంటే హ్యాండిల్ మీదున్న బటన్ నొక్కి ఇగ్నిషన్ ఆపడమే. ఇవన్నీ ఎందుకు లేవో అర్థమైతేనే, ఉన్నవాటిని ఎలా చేయాలో తెలుస్తుంది. ట్రాకు ఏటవాలుగా ఉంది, మలుపులో ఆగే పని లేదు, ప్రతి కిలో బరువూ వేగాన్ని తింటుంది. తయారీలో ఎక్కడైనా సందేహం వస్తే ఈ మూడు విషయాలు గుర్తు తెచ్చుకోండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఏ బండి చేయాలి?

అందరి కళ్లూ ముందు సైక్లోన్ మీదే పడతాయి. అమెరికాలోని సెయింట్ పాల్‌లో తయారైన పసుపు రంగు బండి, షాఫ్ట్‌తో బెవెల్ గేర్లతో (తిరుగుడును వేరే దిశకు మళ్లించే శంకు ఆకారపు గేర్లు) తిరిగే ఓవర్‌హెడ్ క్యామ్ (వాల్వులను తెరిచే, సిలిండర్ పైనుండే భాగం), 1914 నాటికే! అందంగా ఉంటుంది, నిజమే. కానీ మొదటి ప్రాజెక్టుగా మాత్రం వద్దు. ప్రతి బెవెల్ గేరు జతనూ పల్చటి షిమ్ములు (లోహపు రేకు ముక్కలు) పెట్టి, నీలం రంగు పూసి, పళ్లు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూసుకుంటూ సరిచేయాలి. ఇంజిన్ వేడెక్కి సిలిండర్ పొడవు పెరిగితే ఆ లెక్క మళ్లీ మారుతుంది. ఇండియన్ కంపెనీ 1911లో తెచ్చిన ఎనిమిది వాల్వుల ఇంజినూ అంతే, హెడ్డు పనే ఏడాది పడుతుంది.

నా సలహా అడిగితే, పాకెట్ వాల్వ్ వి-ట్విన్‌తో మొదలుపెట్టండి. ఇన్‌లెట్ వాల్వ్ పైన, ఎగ్జాస్ట్ వాల్వ్ పక్కన పాకెట్లో ఉండే రకం. 61 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 1000 సీసీ. ఇదే పద్ధతి రోడ్డు బండ్లలోనూ ఉండేది కాబట్టి కొలతలు, పాత భాగాలు, తెలిసిన మనుషులు దొరుకుతారు. హార్లీ 61 ఇంజిన్‌కు బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 3 5/16 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3 1/2 అంగుళాలు. ఇలాంటి గట్టి అంకెలు చేతిలో ఉన్న బండినే ఎంచుకోండి. రోడ్డు బండి పాత క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) దొరికితే ఇంకా మంచిది.

ఎంచుకున్నాక ఒక నోట్‌బుక్ తెరిచి రెండు జాబితాలు రాయండి. అసలుదానిలాగే ఉండి తీరాల్సినవి ఒకటి, మీరు తెలిసి మార్చేవి రెండోది. నా రెండో జాబితాలో బేరింగ్ స్టీలు, పిస్టన్ లోహం, స్పోకులు, ఇంజిన్ ఆపే ఏర్పాటు ఉన్నాయి. ఇది ముందే రాసుకోకపోతే, తయారీ మధ్యలో అలసట వచ్చినప్పుడల్లా "ఇదొక్కటి మార్చేద్దాం" అనిపిస్తుంది. చివరికి బండి ఏ కాలానికీ చెందకుండా పోతుంది.

కొలతలు: సగం బండి ఇక్కడే తయారవుతుంది

అసలు బండిని ముట్టుకుని కొలిచే అవకాశం వస్తే వెర్నియర్, మైక్రోమీటర్, ప్లంబ్ బాబ్, ప్రొట్రాక్టర్ పట్టుకుని వెళ్లండి. 3డి స్కానర్ ఉంటే తీసుకెళ్లండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. స్కాన్‌లో వందేళ్ల అరుగుదల, వంకర, ఎవరో చేసిన రిపేరు అన్నీ నిజమైన కొలతల్లాగే కనిపిస్తాయి. 2.995 అంగుళాలు వచ్చిందంటే గీసినవాడు 3 అంగుళాలే గీసి ఉంటాడు. ఆ కాలం డ్రాయింగులు అంగుళంలో భిన్నాలతో ఉండేవి కాబట్టి ప్రతి కొలతనూ దగ్గర్లో ఉన్న 1/32 లేదా 1/64కు సర్ది, అది పక్క భాగంతో కుదురుతుందో లేదో చూడండి.

చాలామందికి దొరికేది ఫోటోలే. అందులోంచీ కొలతలు లాగొచ్చు. బండిని సరిగ్గా పక్క నుంచి, దూరంగా నిలబడి తీసిన ఫోటో కావాలి. దగ్గర నుంచి తీసినదైతే హ్యాండిల్‌బార్, పెడల్ లాంటి ముందుకు పొడుచుకొచ్చిన భాగాలు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తాయి. టైరు సైజు తెలుసు, ఎక్కువగా 28 అంగుళాలు. దాన్ని స్కేలుగా పెట్టుకోండి. అది సరేనా కాదా అని సరిచూసుకోవడానికి చైను ఉంది.

చైను లెక్క ఎలాగో చెప్తాను. అప్పటి బండ్లలో 5/8 అంగుళం, అంటే 15.875 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) చైను సాధారణం. ఫోటోను పెద్దది చేసి ఇంజిన్ స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టండి. 20 వచ్చాయనుకుందాం. పిచ్‌ను 9 డిగ్రీల సైన్ విలువతో, అంటే 0.1564తో భాగిస్తే పిచ్ వృత్తం వ్యాసం 101.5 మిల్లీమీటర్లు వస్తుంది (180ని పళ్ల సంఖ్యతో భాగిస్తే ఆ 9). టైరు స్కేలుతో కొలిచినప్పుడు కూడా స్ప్రాకెట్ 101, 102 దగ్గరే వస్తే మీ ఫోటో నమ్మదగినది. 95 వస్తే టైరు సైజు తప్పు, లేదా కెమెరా వంకరగా ఉంది. అలాంటి ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

ప్యాటర్న్, పోత

క్రాంక్‌కేసు, సిలిండర్లు ఇసుక మౌల్డులో పోత పోయాలి. పెద్ద అల్యూమినియం దిమ్మలోంచి సీఎన్‌సీతో చెక్కించుకోవచ్చు కదా అంటారు. వస్తుంది, గట్టిగానూ ఉంటుంది. కానీ మూలల్లో ఉండే ఆ మెత్తటి గుండ్రదనం, ఇసుక రేణువుల గరుకు రావు. పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు వేసే నమూనా) చెక్కతో చేసినా 3డి ప్రింటర్‌తో చేసినా లెక్క ఒకటే. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది: అల్యూమినియం సుమారు 1.3 శాతం, పోత ఇనుము సుమారు 1 శాతం. క్రాంక్‌కేసు 240 మిల్లీమీటర్లు రావాలంటే ప్యాటర్న్ 243 ఉండాలి. లేత్ మీద కోత పడే ముఖాలకు మరో 3 మిల్లీమీటర్లు కలపండి. ఇసుకలోంచి ప్యాటర్న్ జారి రావడానికి నిలువు గోడలకు 2 డిగ్రీల వాలు ఇవ్వండి. ప్రింటర్ పొరల గీతలు కనబడకుండా పుట్టీ, ప్రైమర్ వేసి రుద్దాలి, లేకపోతే ఆ గీతలన్నీ పోతలోకి వచ్చేస్తాయి.

ఫౌండ్రీకి వెళ్లినప్పుడు డ్రాయింగ్ ఇచ్చి వచ్చేయకండి. కూర్చుని మాట్లాడండి. మౌల్డును ఎక్కడ రెండుగా విడదీయాలో, లోహం ఎటు నుంచి పోయాలో వాళ్లకే బాగా తెలుసు. నా మొదటి క్రాంక్‌కేసులో మెయిన్ బేరింగ్ చుట్టూ లోహం బాగా మందంగా ఉంచాను, గట్టిగా ఉంటుందని. లేత్ మీద కోస్తుంటే లోపల అంతా చిల్లులే. మందంగా ఉన్నచోట లోహం చివర్లో గట్టిపడుతుంది, చుట్టుపక్కల నుంచి అందాల్సిన కరిగిన లోహం అప్పటికే గడ్డకట్టి ఉంటుంది. తప్పు పూర్తిగా నాదే. రెండోసారి ఆ మందం తగ్గించి, పైన రైజర్ (కరిగిన లోహాన్ని నిల్వ ఉంచి అందించే గుంట) పెట్టించాక బాగా వచ్చింది.

క్రాంక్‌కేసుకు ఏ356 అల్యూమినియం, టి6 హీట్ ట్రీట్‌మెంట్ సరిపోతాయి. సిలిండర్‌కు గ్రే ఐరన్. పాకెట్ వాల్వ్ సిలిండర్‌లో హెడ్డు విడిగా రాదు, సిలిండర్‌తో కలిసే ఉంటుంది. అంటే బోర్ ఒకవైపు మూసుకునే ఉంటుంది, హోనింగ్ రాళ్లు (బోర్‌ను నున్నగా చేసేవి) చివర బయటికి రాలేవు. అందుకే బోర్ పై కొసన చిన్న గాడి కోసి రాళ్లకు చోటివ్వాలి. ఇది మర్చిపోతే బోర్ పైభాగం బిగుతుగా మిగిలి, ఇంజిన్ వేడెక్కగానే పిస్టన్ పట్టేస్తుంది. కొన్ని రేసింగ్ సిలిండర్లకు స్ట్రోక్ అడుగున వరుసగా రంధ్రాలు ఉండేవి, కాలిన గ్యాసు త్వరగా పోవడానికి. వాటిలోంచి మంట, నూనె బయటికి చిమ్మేవి, ట్రాకు జారేదాకా. అవి వేయాలా వద్దా అనేది మీ ఇష్టం. నేనైతే వేయలేదు, ప్యాంటు మీద ప్రేమ కొద్దీ.

ఇంజిన్ నంబరు విషయంలో ఒక్క మాట. పాత బండి నంబరు కాపీ చేసి కొట్టకండి. మీ పేరు, తయారైన సంవత్సరం క్రాంక్‌కేసు లోపలి గోడ మీద పోతలోనే వచ్చేలా ప్యాటర్న్‌లో చెక్కండి. బయట కొట్టిన అంకెను రుద్దేయొచ్చు, దీన్ని ఎవరూ చెరపలేరు. పాత రేసర్ల ధరలు లక్షల డాలర్లకు చేరిన రోజుల్లో, మీ తర్వాత బండి ఎవరి చేతికి వెళ్తుందో ఎవరు చూడొచ్చారు?

ఫ్లైవీళ్లు: తొందరపడకూడని రోజు

క్రాంక్ అంటే రెండు ఫ్లైవీళ్లు, మధ్యలో ఏటవాలు కొసలున్న క్రాంక్‌పిన్, దాని మీద రెండు కనెక్టింగ్ రాడ్లు. ఒక రాడ్డు చీలి ఉంటుంది, రెండోది ఆ చీలికలోకి దూరుతుంది. పిన్ను, రోలర్లు మాత్రం ఇప్పటి బేరింగ్ స్టీలుతో చేయించండి. లోపల ఉండేదాన్ని ఎవరూ చూడరు, కానీ అది విరిగితే అందరూ చూస్తారు.

బిగించాక మొత్తాన్ని రెండు సెంటర్ల మధ్య పెట్టి, రెండు షాఫ్టుల మీదా డయల్ గేజులు ఆనించి మెల్లగా తిప్పండి. మొదటిసారి ముల్లు అర మిల్లీమీటరు ఊగినా కంగారు పడొద్దు. ముల్లు ఎక్కువ చూపించినచోట సుద్దతో గీత పెట్టండి. రెండు షాఫ్టుల గీతలూ ఒకదానికొకటి ఎదురువైపున, క్రాంక్‌పిన్‌కు అడ్డంగా తొంభై డిగ్రీల్లో వస్తే ఫ్లైవీళ్లు ఒకదానిమీద ఒకటి పక్కకు జరిగాయని అర్థం. సెంటర్లలోంచి తీసి, ఎక్కువ చూపించిన ఫ్లైవీలు అంచు మీద రాగి సుత్తితో ఒక్క దెబ్బ. క్రాంక్‌పిన్ వైపో, దాని ఎదురుగానో గీతలు వస్తే ఫ్లైవీళ్ల మధ్య దూరం సమానంగా లేనట్టు. ఒకచోట క్లాంపుతో నొక్కాలి, లేదా ఎదురుచోట చెక్క గూటం దూర్చి వెడల్పు చేయాలి. మళ్లీ సెంటర్లలో పెట్టి చూడాలి. 0.05 మిల్లీమీటర్ల లోపుకు వచ్చేదాకా ఇదే పని. నాకు ఒకసారి నలభై నిమిషాల్లో అయిపోయింది, ఇంకోసారి రెండు రోజులు పట్టింది.

బ్యాలెన్సింగ్ దీనికంటే ముందే చేయాలి. పైకీ కిందికీ కదిలే బరువు, గుండ్రంగా తిరిగే బరువు వేరువేరుగా తూచండి. ఉదాహరణకు రెండు పిస్టన్లు, రాడ్ల పై సగాలు కలిపి 1,200 గ్రాములు, రాడ్ల అడుగు భాగాలు, రోలర్లు కలిపి 900 గ్రాములు అనుకుందాం. 45 డిగ్రీల (సిలిండర్ల మధ్య కోణం) వి-ట్విన్‌కు పైకీ కిందికీ కదిలే బరువులో 60 శాతం తీసుకుంటే 720 ప్లస్ 900, మొత్తం 1,620 గ్రాముల బరువు క్రాంక్‌పిన్‌కు తగిలించినప్పుడు ఫ్లైవీలు ఎక్కడ ఆపితే అక్కడే నిలవాలి. అసలు బండిలో పిస్టన్లు ఇనుపవి. మీరు అల్యూమినియం పిస్టన్లు వేస్తే పాత ఫ్లైవీలు రంధ్రాలను చూసి కాపీ కొట్టడం కుదరదు, లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే. అల్యూమినియం పిస్టన్‌కు ఈ బోర్‌లో 0.08 నుంచి 0.1 మిల్లీమీటర్ల ఖాళీ ఇవ్వండి.

మాగ్నెటో

మాగ్నెటో అంటే బ్యాటరీ లేకుండా తనంతట తానే స్పార్కు పుట్టించే పరికరం. రెండు సిలిండర్ల మాగ్నెటోలన్నీ ఒకటి కావు. ఇంజిన్ 45 డిగ్రీలదైతే స్పార్కులు 315, 405 డిగ్రీల తేడాతో పడాలి. మాగ్నెటో ఇంజిన్ వేగంలో సగానికే తిరుగుతుంది కాబట్టి దాని లోపలి క్యామ్ రింగు మీద ఆ దూరాలు 157.5, 202.5 డిగ్రీలు అవుతాయి. ఇండియన్ లాంటి 42 డిగ్రీల ఇంజిన్‌కు 159, 201. నాకు ఒకసారి తెలియక 50 డిగ్రీల ఇంజిన్‌ది దొరికింది. బయటికి తేడానే లేదు. కానీ ఒక సిలిండర్ టైమింగ్ సరిచేస్తే రెండోది 5 డిగ్రీలు తప్పుతుంది, దాని ఎగ్జాస్ట్ పైపు చీకట్లో చెర్రీ పండులా ఎర్రబడేది. కార్బ్యురేటర్‌ను తిట్టుకుంటూ మూడు వారాలు గడిపాను. కొనేముందు క్యామ్ రింగు తీసి ప్రొట్రాక్టర్‌తో కొలవండి. కాయిల్ తిరగచుట్టించి, కండెన్సర్ కొత్తది వేయించండి, పాతది ఎంత బాగా కనిపించినా సరే. వేడెక్కాక చచ్చిపోవడం దాని అలవాటు.

ఫ్రేమ్

ఫ్రేమ్ చేసి అందులో ఇంజిన్ ఇరికించాలనుకోకండి. ముందు ఇంజిన్, దాని చుట్టూ జిగ్ (భాగాలను సరైన చోట పట్టి ఉంచే చట్రం), జిగ్‌లో ఫ్రేమ్. అప్పటి ఫ్రేములు ఎక్కువగా అంగుళం వ్యాసం దగ్గర ఉండే గొట్టాలతో, పోత లగ్గుల్లోకి (గొట్టాలు కలిసేచోట ఉండే తొడుగులు) దూర్చి ఇత్తడితో బ్రేజింగ్ చేసినవి, అంటే కరిగిన ఇత్తడితో అతికించినవి. వెల్డింగ్ పూస కనిపించిందంటే రెప్లికా అన్న మాటే పోయినట్టు.

ఇత్తడి కరగడానికి సుమారు 900 డిగ్రీలు కావాలి. ఆ వేడికి పల్చటి గొట్టం లగ్గు అంచు దగ్గర మెత్తబడుతుంది. సిల్వర్ బ్రేజింగ్‌కు 650, 700 డిగ్రీలు చాలు, నేను వాడేది అదే. గొట్టానికీ లగ్గుకూ మధ్య 0.1 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. ఇంకా బిగుతుగా ఉంటే కడ్డీ కరిగి లోపలికి పాకదు, వదులైతే నిలవదు. రెండూ ఎమెరీతో మెరిసేలా రుద్ది, ఫ్లక్స్ (వేడికి లోహం మీద పొర కట్టకుండా ఆపే పూత) పూసి, చిన్న పిన్ను కొట్టి కదలకుండా చేయండి. మంటను కడ్డీ మీద కాదు, లగ్గు మీద ఆడించాలి. లగ్గు మసక ఎరుపుకు వచ్చాక ఒక అంచున కడ్డీ తాకించండి. కరిగింది లోపలికి పోయి, ఒక్క క్షణం తర్వాత అవతలి అంచున సన్నటి వెండి గీతలా బయటికి వస్తుంది. ఆ గీత చుట్టూ తెగకుండా కనిపిస్తే జాయింటు నిండినట్టే. నీళ్లు చల్లి చల్లార్చకండి. క్యాడ్మియం పొగ విషం, అది లేని కడ్డీలే కొనండి, తలుపులు తీసిపెట్టండి.

అయ్యాక వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా రెండువైపులా దారం లాగి చూడండి. ఇంజిన్ ఎక్కించక ముందు రెండు మిల్లీమీటర్ల వంకర కూడా వదిలేయొద్దు.

చక్రాలు, ఆపే ఏర్పాటు

పాత క్లించర్ టైరుకు అంచులో తీగ ఉండదు. గాలి ఒత్తిడే దాన్ని రిమ్ముకు పట్టి ఉంచుతుంది. గాలి తగ్గితే టైరు ఊడి వచ్చేస్తుంది. తయారీదారు చెప్పిన గరిష్ఠ ఒత్తిడికి దగ్గరగా ఉంచండి, ప్రతిసారీ బయల్దేరే ముందు చూడండి. వందేళ్ల అసలు టైరు దొరికితే షెల్ఫులో పెట్టుకోండి, ఇప్పుడు కొత్తగా చేస్తున్నవే బండికి వేయండి.

ఇంజిన్ ఆపే బటన్ గురించి చాలామంది పొరబడతారు. బ్యాటరీ బండిలో వైరు తెగితే ఇంజిన్ ఆగిపోతుంది. మాగ్నెటోలో తిరకాసు ఏమిటంటే, వైరును గ్రౌండ్‌కు, అంటే బండి లోహానికి కలిపితేనే అది ఆగుతుంది. అంటే ఆ వైరు తెగితే ఇంజిన్ ఆగదు. అందుకే రెండు వేరువేరు వైర్లు, రెండు స్విచ్చులు పెట్టండి. ఒకటి బొటనవేలికి అందేచోట, ఇంకోటి మణికట్టుకు కట్టిన తాడు లాగితే కలిసేలా. పెట్రోల్ ట్యాప్ ఎడమ మోకాలికి అందాలి. 1912 సెప్టెంబర్ 8న న్యూజెర్సీలోని న్యూవార్క్ ట్రాకు మీద రేసర్ ఎడీ హాషా బండి అదుపు తప్పి గట్టు పైకి దూసుకెళ్లింది. ఇద్దరు రైడర్లతో పాటు చూడటానికి వచ్చినవాళ్లూ చనిపోయారు. జనం మధ్య ఈ బండి నడపాలనుకుంటే నేను వెనక చక్రానికి చిన్న బ్రేకు పెట్టమనే చెప్తాను. రెండో జాబితాలో రాసేయండి, సరిపోతుంది.

పైపూత

క్రోమ్ వేయించకండి. అది వాడుకలోకి వచ్చింది 1920ల చివర్లో. అంతకుముందు నికెలే, కొంచెం పసుపు ఛాయతో మెత్తగా మెరుస్తుంది. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల నాటివి, నైలాన్ నట్లు ఇంకా తర్వాతివి. గీత స్క్రూలు, కాటర్ పిన్నులు, తీగ ముడులు వాడండి. రంగు మరీ అద్దంలా ఉంటే అనుమానం వస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

అప్పటి రేసర్లు ఆముదం వాడేవాళ్లు. ఆ వాసనకు ఆశపడి పోస్తే, మామూలు ఆయిల్ చుక్క కూడా మిగలకుండా ముందు కడగాలి, రెండూ కలవవు. వదిలేస్తే జిగురులా గడ్డకడుతుంది. మొదటి గంటలకు 50 గ్రేడ్ మామూలు ఆయిలే మేలు. ఈ ఇంజిన్‌లో ఆయిల్ ట్యాంకులోకి తిరిగి రాదు, చుక్కచుక్కగా పడి కాలిపోతుంది. ఎగ్జాస్ట్‌లో పల్చటి నీలం పొగ ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. పొగ ఆగిందా, చేతి పంపు ఒకసారి నొక్కండి.

క్లచ్ లేదు కాబట్టి ఇంజిన్ తిరిగితే చక్రమూ తిరుగుతుంది. మొదట వెనక చక్రాన్ని స్టాండు మీద పైకి లేపి, రోలర్‌తో తిప్పి స్టార్ట్ చేయండి. చక్రం ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. రెండు స్విచ్చులూ పనిచేస్తున్నాయని ఇక్కడే తేల్చుకోండి.

నేల మీదికి దించే ముందు గేరింగ్ లెక్క చూసుకోండి. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత 2.23 మీటర్లు. 3:1 నిష్పత్తిలో గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ 1,340 సార్లు, 160 దగ్గర 3,580 సార్లు నిమిషానికి తిరుగుతుంది. మొదటి పరుగులకు వెనక పెద్ద స్ప్రాకెట్ వేసి 4:1కి మార్చండి, తక్కువ వేగంలోనే ఇంజిన్ చాలినంతగా తిరుగుతుంది. ఇద్దరు తోయాలి, ఖాళీ రన్‌వే లాంటి పొడవైన చోటు కావాలి. పది నిమిషాలు నడిపి ఆపండి. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక ప్రతి నట్టు మీదా స్పానర్ పెట్టి చూడండి, సిలిండర్ అడుగు నట్లు తప్పకుండా పావు చుట్టు వదులై ఉంటాయి. చైను సాగి ఉంటుంది. ప్లగ్గులు రెండూ తీసి పక్కపక్కన పెట్టి రంగు పోల్చండి. తేడా ఉంటే ఇంటికి వెళ్లి ఇన్‌లెట్ పైపు జాయింట్లు బిగించాకే రెండో పరుగు.